ఆఖరికి చెయ్యి పెట్టింది ఎవరు?

చంద్రాపూర్ నుంచి నాగ్‌పూర్ దాదాపు 150 కిలోమీటర్లు. భద్రావతి, వరోరా, జామ్ మీదుగా పోయే ఆ దారి నాకు మా ఇంటి వాకిలంత తెలుసు. 2018 జూన్‌లో ఒక తెల్లవారుజామున మా ఆవిడను కంటి డాక్టరుకు చూపించడానికి జిప్సీలో బయల్దేరాం. పడోలి చౌరస్తా దాటి రోడ్డు ఖాళీ కాగానే వేగం పెంచాను. ముల్లు డెబ్బై దాటిందో లేదో, కింద ఎక్కడో ఒక మోత లేచింది. ఊరవతల రైసుమిల్లు ఆడుతుంటే వినిపించే మోత లాంటిది. చెవి కంటే ముందు అరికాళ్ళకు తెలిసింది. ఎనభై దగ్గర బండంతా నిండిపోయింది. తొంభైకి తీసుకెళ్తే కాస్త పలచబడింది. అరవైకి తగ్గిస్తే ఏమీ జరగనట్టు బండి బుద్ధిగా నడిచింది.

మా ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "గా రోజు నువ్వు బండి కిందికి దూరి ఏందో ఇప్పినవ్ సూడు. అప్పటి సంది సీటు సన్నంగ వణుకుతనే ఉన్నది" అంది.

"దానికీ దీనికీ సంబంధం లేదు" అన్నాను. కాస్త కసురుగానే అన్నాను. ఆమె మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నాలుగు నెలల తర్వాత, 18,000 రూపాయల పైన ఖర్చయ్యాక, ఒక మనిషి ఉద్యోగం పోయాక తేలిన జవాబు అదే. మొదటి రోజే, ఇంకా భద్రావతి కూడా రాకముందే, నా పక్క సీట్లోంచి వచ్చిన మాట అది.

మా నాన్న కరీంనగర్ జిల్లా నుంచి బల్లార్‌పూర్ బొగ్గుబాయికి పనికొచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, వర్క్‌షాపులో హిందీ. ఇక్కడి చాలా తెలుగు ఇళ్ళల్లో ఇదే వరస. వార్ధా నది అవతలున్న రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. అందుకేనేమో, పరాయి నేల మీద ఉన్నామన్న ఊహ మాకెప్పుడూ రాలేదు. ఓపెన్‌కాస్ట్ గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. 34 ఏళ్ళు డంపర్ల కింద, డోజర్ల పక్కన గడిచాయి. షెడ్డులోకి వస్తున్న డంపరు మోత విని ఏ పక్క చక్రంలో గేర్లు అరిగాయో చెప్పేవాణ్ణి. పిల్ల ఫిట్టర్లు ఆశ్చర్యపోయేవాళ్ళు. నా జీవితంలో నాకు నిజంగా గర్వం ఉన్నది ఆ ఒక్క విషయంలోనే: నా చెవి.

రిటైరయ్యే ముందు చేసిన వైద్య పరీక్షల్లో చెవి పరీక్ష కూడా ఉంది. ఆ గ్రాఫు కాగితంలో 4000 హెర్ట్‌జ్ దగ్గర నా రెండు చెవుల గీతలూ గుంటలో పడ్డట్టు కిందికి దిగిపోయాయి. 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజుకు ఎనిమిదేసి గంటలు ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు సాధారణంగా మొదట దెబ్బతినేది ఆ చోటే. బరువైన శబ్దాలు ఎప్పట్లాగే వినిపిస్తాయి. సన్నని శబ్దాలు మెల్లగా మాయమవుతాయి. మనిషికి తెలియదు, ఎందుకంటే వినపడనిదేదో వినపడదు కదా. డాక్టరు ఇదంతా ఓపిగ్గా వివరించాడు. నేను తలూపి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో పీఎఫ్ కాగితాల కింద దాచాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

బండి సంగతి చెప్పాలి. మారుతి కంపెనీ జిప్సీని 1985లో తెచ్చింది. అప్పుడు దాని ఇంజను 970 సీసీ. 1996లో 1300 సీసీ ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. మాది 1998 నాటి కింగ్. దాన్ని అంతకు ముందు తాడోబాలో మొహర్లీ గేటు వైపు సఫారీకి తిప్పేవారు. అడవి బాటల్లో తిరిగిన బండి కాబట్టి కమాను కట్టలు గట్టిపడిపోయాయి, టాపు చిరిగింది, కానీ ఛాసిస్ గట్టిది. రాజురా అవతల మాకున్న నాలుగెకరాల పత్తి చేనుకు వానాకాలంలో వెళ్ళాలంటే ఫోర్‌ వీల్ డ్రైవ్ లేకుండా కుదరదు. ఆ నల్లరేగడిలో ట్రాక్టరు కూడా దిగబడుతుంది.

జిప్సీ కింద పడుకుని చూస్తే దాని ఒళ్ళు విప్పి పెట్టినట్టు కనిపిస్తుంది. ఇంజను వెనక గేర్‌బాక్సు. దాన్నుంచి ఒక పొట్టి షాఫ్ట్ వెనక్కి వచ్చి ట్రాన్స్‌ఫర్ కేసులో కలుస్తుంది. ఆ పెట్టె గేర్‌బాక్సుకు అతుక్కుని ఉండదు, విడిగా రబ్బరు దిమ్మల మీద వేలాడుతుంది. అక్కణ్నుంచి ఒక పొడుగు షాఫ్ట్ వెనక చక్రాలకు, ఇంకొకటి ముందు చక్రాలకు. మామూలుగా నడిచేటప్పుడు బండిని తోసేది వెనక షాఫ్టే. లివరు వేస్తేనే ముందుది కూడా పనిలోకి దిగుతుంది. ప్రతి షాఫ్ట్‌కీ రెండు కొసల్లో యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. మిస్త్రీలు వాటిని క్రాస్ అంటారు. గతుకుల్లో చక్రాలు పైకీ కిందికీ కదిలినప్పుడు షాఫ్ట్ పొడుగు మారాలి కాబట్టి మధ్యలో ఒక జారుడు ఉంటుంది, పళ్ళున్న కడ్డీ పళ్ళున్న గొట్టంలో ముందుకూ వెనక్కూ జారుతుంది.

ఆ ఏడు మే నెలలో, వానలకు ముందు, నేను విప్పింది ఆ వెనక షాఫ్ట్‌నే. చంద్రాపూర్ ఎండ మీకు తెలియకపోతే చెప్పడం కష్టం. మే నెలలో ఇక్కడ 46, 47 డిగ్రీలు పెద్ద విశేషం కాదు. పొద్దున ఆరింటికే వేపచెట్టు నీడలో బండిని జాకీల మీద లేపి, రెండు కొసలా నాలుగేసి బోల్టులు తీసి, షాఫ్ట్‌ను బయటికి లాగాను. గ్రీజు గన్నుతో నిప్పిల్‌లోకి కొడితే సరిపోయే పని. కానీ నాకు పని పూర్తిగా చెయ్యాలని ఉంటుంది. జారుడును ఊడదీసి రెండు ముక్కలు చేశాను. కిరోసిన్‌తో కడిగి, తీగ బ్రష్షుతో ఇరవై ఏళ్ళ మట్టినంతా గీకేశాను. కొత్త నీలం గ్రీజు దట్టంగా పట్టించి మళ్ళీ దోపాను.

ఆ రెండు ముక్కలూ ఏ పన్ను దగ్గర విడిపోయాయో అదే పన్ను దగ్గర మళ్ళీ కలవాలి. విప్పే ముందు సుద్దతోనో సుత్తి ములుకుతోనో రెండిటి మీదా ఒక గుర్తు పెట్టుకోవాలి. ఇది ఫిట్టరు మొదటి ఏడాదిలో నేర్చుకునే పాఠం. నేనే ఎంతో మంది పిల్లలకు నేర్పాను. ఆ రోజు నేను గుర్తు పెట్టలేదు. పాత గుర్తేదైనా ఉండి ఉంటే అది నా తీగ బ్రష్షు కింద మట్టితో పాటే పోయింది.

తర్వాత మూడు వారాలు బండి ఊళ్ళోనే తిరిగింది. బల్లార్‌పూర్, బాబూపేట, చేను. ఎక్కడా యాభై దాటలేదు. అందుకే జూన్‌లో మోత వచ్చినప్పుడు నా బుర్ర దాన్ని మే నెలతో కలపలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. మా ఆవిడ కలిపి చూపించింది. నేను వద్దన్నాను.

మొదట టైర్ల మీద అనుమానపడ్డాను. ఏప్రిల్‌లోనే నాలుగు కొత్త టైర్లు వేయించాను, బురదకు పనికొచ్చే పెద్ద కటింగువి. అలాంటి టైర్లు తారు రోడ్డు మీద మోత చెయ్యడం మామూలే. అయితే టైరు మోతకు ఒక లక్షణం ఉంది: రోడ్డు మారితే గొంతు మారుతుంది. తారు మీద ఒకలా, సిమెంటు మీద ఒకలా, కొత్తగా కంకర పరిచిన చోట ఇంకోలా. నా మోత అన్ని రోడ్ల మీదా ఒకే గొంతుతో వస్తోంది. ఈ సంగతి నేను గమనించాను. గమనించి, చక్రాల బ్యాలెన్సు సరిగ్గా చేసి ఉండరని తీర్మానించుకుని టైరు షాపుకు వెళ్ళాను.

అక్కడ పనిచేసే కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. మరాఠీ పిల్లవాడు, సన్నగా ఉంటాడు, నన్ను కాకా అనేవాడు. నాలుగు చక్రాలూ విప్పి మళ్ళీ మిషనుకెక్కించి, సీసం ముక్కలు మార్చి, సున్నా చూపించాడు. నాకు తృప్తి కలగలేదు. బండెక్కి రమ్మన్నాను. పడోలి దాటాక ఎనభైకి తీసుకెళ్ళాను. అతను వెనక కూర్చుని వంగి అరచెయ్యి నేల రేకుకు ఆనించాడు. కాసేపు అలాగే ఉంచి అన్నాడు: "కాకా, ఇది చక్రం కాదు. చక్రమైతే చెయ్యి ఊగుతుంది. ఇది జుమ్మంటోంది. చక్రం కంటే చాలా జోరుగా తిరిగేదేదో ఉంది."

నేను వాణ్ణి తిట్టాను. నీ తప్పు కప్పిపుచ్చుకోవడానికి నాకు పాఠాలు చెప్తున్నావా, నువ్వు పుట్టకముందు నుంచీ నేను బండ్లు విప్పుతున్నాను అన్నాను. షాపుకు తిరిగొచ్చాక యజమాని ముందు, నలుగురు గిరాకీల ముందు మళ్ళీ అన్నాను. బ్యాలెన్సింగుకు తీసుకున్న 400 రూపాయలు యజమాని నా చేతిలో పెట్టి, "వాడి జీతంలో కోస్తాను సార్" అన్నాడు. నేను ఆ డబ్బు జేబులో పెట్టుకుని వచ్చాను. కుర్రాడు స్పానర్లు తుడుచుకుంటూ తల దించుకునే ఉన్నాడు.

ఆ కుర్రాడు అరచేత్తో కనిపెట్టినదాన్ని తర్వాతెప్పుడో నేను కాగితం మీద లెక్కేసి చూసుకున్నాను. నా టైరు ఒక చుట్టుకు రెండు మీటర్లకు కాస్త ఎక్కువ దూరం పోతుంది. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. కాబట్టి చక్రం సెకనుకు పదిన్నర సార్లు తిరుగుతుంది. చక్రంలో తేడా ఉంటే సెకనుకు పది కుదుపులు, చెయ్యి నిజంగానే ఊగుతుంది. వెనక చక్రాల మధ్య హౌసింగులో ఉన్న క్రౌన్, పినియన్ గేర్ల పళ్ళ లెక్క వల్ల షాఫ్ట్ చక్రం కంటే దాదాపు నాలుగు రెట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు నలభై పైన. క్రాస్‌లో తేడా ఉంటే ప్రతి చుట్టుకూ రెండు కుదుపులు, అంటే సెకనుకు ఎనభై పైన. ఎనభై కుదుపులు చేతికి ఊపులా తెలియవు, జుమ్మంటాయి. చదువు మధ్యలో ఆపేసిన ఇరవై ఏళ్ళ పిల్లవాడు ఈ తేడాను ఒక్క అరచేత్తో పట్టేశాడు. అలాంటి చెయ్యి వర్క్‌షాపులో నాకు దొరికుంటే వాణ్ణి నెత్తిన పెట్టుకునేవాణ్ణి.

ఆగస్టులో ముందు చక్రాల బేరింగులు మార్పించాను. బేరింగు పోతే ఎలా తెలుస్తుందో నాకు తెలుసు. వేగంలో బండిని మెల్లగా ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడి అటు మోత పెరుగుతుంది, కుడికి తిప్పితే ఎడమది. నేను అలా తిప్పి చూశాను. మోత మారలేదు. ఆగి హబ్బుల మీద చెయ్యి పెట్టి చూశాను, రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. ఆ రెండు పరీక్షలూ బేరింగులు బాగున్నాయనే చెప్పాయి. అయినా మార్పించాను. తీసిన బేరింగుల్లో ఒక్క మచ్చ కూడా లేదు.

సెప్టెంబరులో వెనక హౌసింగు. ఆయిల్ దింపి అయస్కాంతం ముంచితే ఇనప రజను రాలేదు. ఆయిల్ తేనె రంగులో శుభ్రంగా ఉంది. అయినా ఒక గరాజులో డిఫరెన్షియల్ విప్పించి, పినియన్ బేరింగులు మార్పించి, వాషర్లు సరిచేయించాను. వాళ్ళు ముందే అన్నారు, యాక్సిలరేటరు తొక్కినా వదిలినా మోత పెద్దగా మారడం లేదు, క్రౌన్ పినియన్ అయితే ఇలా ఉండదని. నేనే పట్టుబట్టాను. ట్రాన్స్‌ఫర్ కేసు రబ్బరు దిమ్మలు కూడా మార్పించాను. వాటితో లివరు వణకడం కాస్త తగ్గింది. ఆ కాస్త తగ్గడం చూసి ఇంకో రెండు వారాలు దాని వెంటే పడ్డాను.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పరీక్షలన్నీ నాకు తెలుసు. అన్నీ సరిగ్గానే చేశాను. ప్రతి పరీక్షా నాకు స్పష్టంగా కాదు అని చెప్పింది. ఒక్కో కాదు విన్నప్పుడు ఆ పేరు కొట్టేసి ఉంటే, ఎప్పుడో జాబితాలో ఒక్క పేరే మిగిలేది. ఆ పేరు మిగలకూడదనే నేను మిగతావాటిని కొట్టెయ్యలేదు.

ఇంకొకటుంది. వానలు తగ్గుముఖం పట్టాక, కాలనీ సందుల్లో మెల్లగా పోతున్నప్పుడు మా ఆవిడ రెండు మూడు సార్లు అంది, "బండిల ఏదో పిట్ట కీచుమంటున్నది" అని. నాకేమీ వినపడలేదు. బయట చెట్ల మీద పిట్టలుంటాయి, అదే అన్నాను. ఆమె బండి ఆగితే ఆగుతున్నది, కదిలితే మళ్ళీ మొదలైతున్నది అంది. నేను పట్టించుకోలేదు. బండ్లతో పరిచయమున్న ఎవరినడిగినా చెప్తారు, నెమ్మదిగా పోతున్నప్పుడు చక్రం తిరుగుడుతో పాటు పిట్టలా కీచుమంటే క్రాస్‌లో సూది బేరింగులు గ్రీజు లేక ఎండిపోయాయని. నా చెవిలో పోయింది సరిగ్గా అంత సన్నని శబ్దమే. బీరువాలో కాగితం నాకు ఆ సంగతి ఎప్పుడో చెప్పింది.

ఆ నెలల్లో రాఖీ పండక్కి మా అమ్మాయి వచ్చింది. మనవణ్ణి వెనక బెంచీ మీద కూర్చోబెట్టుకుని భద్రావతి విజాసన్ గుహలు చూపించడానికి తీసుకెళ్ళాను. వాడు ఇంకా వేగంగా పోనీ తాతా అంటే ఎనభైకి తీసుకెళ్ళాను. ఆ వేగంలో షాఫ్ట్ ముందు కొస క్రాస్ విరిగి కింద పడితే, ఆ గొట్టం రోడ్డుకు గుచ్చుకుని బండిని వెనక నుంచి లేపెయ్యగలదు. గనుల రోడ్డు మీద ఒక జీపు అలా పడటం నేను కళ్ళారా చూశాను. ఆ రోజు మనవడు నా వెనక కూర్చున్న చోటు గుర్తొస్తే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

అక్టోబరులో, దసరా ముందు, బల్లార్‌పూర్ రోడ్డు మీద ఒక రేకుల షెడ్డుకు వెళ్ళాను. ఆ మిస్త్రీది ఆసిఫాబాద్ వైపు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నవాడు. జిప్సీలు, పాత మహీంద్రా జీపులు తప్ప వేరేవి ముట్టుకోడు. బానెట్ ఎత్తలేదు, కిందికి వంగలేదు. స్టూలు మీద కూర్చుని ముందు ఒక మాట అడిగాడు.

"సార్, ఈ బండి మీద ఆఖరికి చెయ్యి పెట్టింది ఎవలు? మోత మొదలుగాక ముందు ఏం పని జరిగింది?"

నేను టైర్ల బ్యాలెన్సు సంగతి చెప్పాను. బేరింగులు, హౌసింగు చెప్పాను.

"అవన్నీ మోత వచ్చినంక. నేనడిగేది అంతకు ముందు."

"ఏమీ లేదు" అన్నాను.

మరిచిపోయి అన్నానని రాసుకోవచ్చు. మరిచిపోలేదు. అతను ఆ ప్రశ్న అడిగిన క్షణంలో నాకు మే నెల, వేపచెట్టు, నీలం గ్రీజు కళ్ళ ముందు ఆడాయి. మా ఆవిడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునుంది. ఆమె నా వైపు చూసింది. ఏమీ అనలేదు.

మిస్త్రీ బండి తీసుకుని నన్ను ఎక్కించుకుని రోడ్డెక్కాడు. ఎనభై దగ్గర క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్ చేశాడు. ఇంజను నెమ్మదించింది, మోత అలాగే ఉంది. ఇంజను కాదు. షెడ్డుకు తిరిగొచ్చి వెనక షాఫ్ట్ ఊడదీసి పక్కన పెట్టాడు. ఫోర్ వీల్ లివరు వేసి, ముందు హబ్బులు లాక్ చేసి, ముందు చక్రాలు మాత్రమే లాగుతుండగా బండిని మళ్ళీ ఎనభైకి తీసుకెళ్ళాడు. మోత లేదు. గాలి చప్పుడు, టైర్ల చప్పుడు, ఇంజను చప్పుడు, అంతే. నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆ వేగంలో నిశ్శబ్దం. నా గుండె మాత్రం గట్టిగా కొట్టుకోసాగింది. పావుగంట పని అది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న ప్రతి బండీ యజమానికి ఇచ్చే అవకాశం అది: ఒక షాఫ్ట్ తీసేసి ఇంకోదాంతో నడిపి చూసుకోవచ్చు. నాకు తట్టలేదని అనను. షాఫ్ట్ జోలికి పోవడం నాకు ఇష్టం లేదు.

షెడ్డులో షాఫ్ట్‌ను బల్ల మీద పెట్టి, ఒక కన్ను మూసి, బియ్యంలో రాళ్ళేరేంత శ్రద్ధగా దాని పొడుగునా చూశాడు. కుర్రాళ్ళను పిలిచి, క్రాస్‌ను పట్టుకునే చెవులను చూపించాడు. "ఈ కొస చెవులు, ఆ కొస చెవులు ఒక్క చూపుల ఉండాలె. సూడుండ్రి, ఎట్ల మెలి తిరిగినయో. రెండు పండ్లు తప్పిచ్చి ఎక్కిచ్చిండ్రు."

క్రాస్ వంపులో తిరిగేటప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది. ఇటు కొస సమానమైన వేగంతో తిరుగుతున్నా అటు కొస ప్రతి చుట్టులోనూ రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ హుక్ ఈ జాయింటు గురించి రాశాడు, ఇంజనీర్లు ఇప్పటికీ దాన్ని హుక్స్ జాయింట్ అంటారు. షాఫ్ట్‌కు రెండో కొసలో ఇంకో క్రాస్ పెట్టడంలో ఉన్న తెలివంతా ఈ లోపాన్ని దిద్దడంలోనే ఉంది. రెండు కొసల చెవులూ ఒకే వరసలో ఉంటే, మొదటిది తొందరపడ్డప్పుడు రెండోది వెనక్కి లాగి లెక్క సరిచేస్తుంది, చక్రానికి నిఖార్సైన తిరుగుడు అందుతుంది. వరస తప్పితే సరిచెయ్యలేదు. మిగిలిన ఆ తేడా సెకనుకు ఎనభై సార్లు బండి ఒంటిని తడుతుంది. ట్రైనింగు సెంటర్లో నల్లబల్ల మీద బొమ్మ వేసి నేనీ పాఠం చెప్పాను.

క్రాస్ కప్పుల అంచుల్లో ఎర్రటి పొడి ఉంది. నాలుగు నెలల వణుకుకు సూదులు అరిగి తుప్పు పొడి బయటికొచ్చింది. పిట్ట అరిచింది అక్కడే. రెండు క్రాస్‌లూ మార్చాలన్నాడు. కుర్రాళ్ళలో ఒకడు "ఎవడు ఉస్తాద్ ఇట్ల ఎక్కిచ్చిన గుడ్డోడు?" అని నవ్వాడు. మిగతావాళ్ళు నవ్వారు. నేను కూడా తలాడించాను, ఎవరో తెలియని పనివాడి మీద నాకూ కోపం వచ్చినట్టు. మిస్త్రీ నవ్వలేదు. జారుడు దగ్గర గ్రీజును వేలితో తీసి, బొటనవేలితో రాసి చూసి, గుడ్డకు తుడుచుకున్నాడు.

క్రాస్‌లు మార్చి, చెవులు వరసకు తెచ్చి షాఫ్ట్ ఎక్కించాక తిరిగి ఇంటికి వస్తుంటే బండి ఎనభైలో నీళ్ళ మీద పోయినట్టు పోయింది. మా ఆవిడ "ఏమైందట?" అని అడిగింది. "క్రాస్‌లు పోయినయి" అన్నాను. అబద్ధం కాదు, పోయాయి. ఎందుకు పోయాయో చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. థర్మల్ స్టేషన్ మోత కిటికీలోంచి సన్నగా వస్తుంటే, ఆ మోతలో నాకు వినపడనివి ఎన్ని ఉన్నాయో అనుకుంటూ పడుకున్నాను. తెల్లారగట్ల లేచి బీరువాలోంచి ఆ చెవి కాగితం తీసి ఆమె ముందు పెట్టాను. షాఫ్ట్ సంగతంతా చెప్పాను. ఆమె కాగితం అటూ ఇటూ తిప్పింది. "నాకు ఎరికే" అంది. ఏది ఎరికో నేను అడగలేదు. కాసేపాగి, "పిట్ట మాటన్నా ఇని ఉంటివి" అంది. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది.

పొద్దున్నే షెడ్డుకు వెళ్ళాను. కుర్రాళ్ళందరూ వచ్చేదాకా ఆగి, వాళ్ళందరి ముందు చెప్పాను, ఆ షాఫ్ట్ తప్పుగా ఎక్కించింది నేనే అని. మిస్త్రీ టీ గ్లాసు నా చేతికిచ్చాడు. "గ్రీజు కొత్తగున్నది సార్. మట్టి ఒక్క రవ్వ లేదు. గంత సాఫుగ పని చేసేటోడు పెద్ద పనోడే అయ్యుంటడనుకున్న" అన్నాడు. తర్వాత తెల్ల పెయింటు డబ్బా, సన్న బ్రష్షు తెచ్చి నాకిచ్చాడు. నేను బండి కింద పడుకుని షాఫ్ట్ రెండు ముక్కల మీద ఒకే వరసలో రెండు గీతలు గీశాను.

అక్కణ్నుంచి టైరు షాపుకు వెళ్ళాను. కుర్రాడు లేడు. ఆ గొడవైన వారంలోనే మానేశాడని యజమాని చెప్పాడు. ఊరు కోర్పనా వైపని, పత్తి ఏరడానికి పోయాడో, రాజురాలో ఇంకో షాపులో చేరాడో తెలియదన్నాడు. నా తప్పేమిటో యజమానికి చెప్పాను. అతను, "అయ్యో సార్, అయిపోయిందిగా" అన్నాడు. కుర్రాడి నంబరు ఇచ్చాడు. ఇన్‌కమింగ్ కూడా ఆగిపోయిన నంబరు అది.

400 రూపాయలు ఒక కవర్లో పెట్టి, మీద మరాఠీలో నాలుగు ముక్కలు రాసి, జిప్సీ డ్యాష్‌బోర్డు పెట్టెలో ఉంచాను. చేనుకు వెళ్ళేటప్పుడు రాజురా దారిలో టైరు షాపు కనిపిస్తే బండి నెమ్మది చేస్తాను. సన్నగా, ఇరవై దాటిన కుర్రాడు చక్రం దగ్గర వంగి కనిపిస్తే ఆపుతాను. ఇంతవరకూ అతను కాదు.